పల్లం ముట్టుకోవద్దు

మా ఆయనకి ఎవరూ సెలవు ఇవ్వకూడదు. ఇచ్చినా ఇంటి దగ్గర ఉండనివ్వకూడదు. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏవేవో జాబితాలు శుభ్రం చేసే మనిషి, సెలవు దొరికితే కాళ్ళు బారజాపుకుని పడుకోవాలా వద్దా. పడుకోడు. సర్దడానికి ఏం దొరుకుతుందా అని వెతుకుతూ తిరుగుతాడు. ఆ సర్దేదేదో బట్టల బీరువా సర్దండి మహాప్రభో అంటే మాత్రం వినపడనట్టు అవతలికి వెళ్ళిపోతాడు.

ఈసారి ఆయన కన్ను షాపులో ఉన్న కంప్యూటర్ మీద పడింది.

షాపంటే సోఫాలు, కుర్చీలు బాగుచేసే షాపు. మా అత్తగారిది. ముందు చిన్న గది, అందులో ఒక బల్ల, కంప్యూటర్, ప్రింటర్, గోడంతా బట్టల నమూనాలు. వెనక రేకుల షెడ్డు. అక్కడ ఎప్పుడు చూసినా ఎవరివో కుర్చీలు కాళ్ళు పైకి పెట్టుకుని పడుంటాయి. నేను కుట్టుమిషను దగ్గర ఉంటాను. మేస్త్రీ మేకులు పీకుతూ, స్పాంజి కోస్తూ, స్ప్రింగులు బిగిస్తూ ఉంటాడు. అత్తయ్య ఇద్దరి మధ్యా తిరుగుతూ ఇద్దర్నీ తిడుతూ ఉంటారు.

మా అత్తయ్యకి మనుషుల పేర్లు గుర్తుండవు. కుర్చీలైతే గుర్తుంటాయి. ఎవరైనా షాపుకి మెయిల్ పంపితే, ఆ అడ్రసుని కంప్యూటర్‌లో దాచుకునేటప్పుడు పేరు అని ఉన్న చోట ఆవిడ పేరు రాయరు, జబ్బు రాస్తారు. 'ఎలకలు కొరికిన సోఫా'. 'కూర్చుంటే మూలిగేది'. 'పిల్లి గోళ్ళు'. 'ఎత్తుగా కావాలి, మోకాళ్ళ నొప్పి'. 'నీలం వద్దు, ఆకుపచ్చా వద్దు'. అప్పట్నుంచి ఆ మనిషి ఎప్పుడు మెయిల్ పంపినా, పంపినవారు అన్న చోట అసలు పేరు కనపడదు, అత్తయ్య పెట్టిన పేరే కనపడుతుంది. ఆ మెయిల్ ప్రింటు తీసి కుర్చీకి గుండుసూదితో గుచ్చుతాం. మేస్త్రీ పై వరస ఒక్కటీ చదువుకుని పని మొదలుపెడతాడు. కింద రాసిన నమస్కారాలూ కుశల ప్రశ్నలూ ఆయనకి అక్కర్లేదు. ఇన్నేళ్ళూ మా షాపు ఇలాగే నడిచింది, బాగానే నడిచింది.

గొడవ ఎక్కడొచ్చిందంటే, మేం జవాబు పంపినప్పుడు ఆ పేరు కూడా మెయిల్‌తో పాటే వెళ్తోందట. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. ఒక బ్యాంకు ఆఫీసరు రాశాడు. సోఫా బాగా కుదిరింది, చాలా సంతోషం, కానీ మీ దగ్గర్నుంచి వచ్చే ప్రతి మెయిల్ మీదా నా పేరుండాల్సిన చోట 'ఎలకలు కొరికిన సోఫా' అని ఉంటోంది, నా కింద పనిచేసేవాళ్ళు కూడా చూస్తున్నారు, వీలైతే ఆలోచించండి, అని.

మా ఆయన అది చదివి బల్ల మీద తల పెట్టేశాడు.

"అమ్మా, ఎన్నాళ్ళ నుంచి ఇలా పంపుతున్నావు?"

"ఎలకలు కొరికిన మాట నిజమేగా. నేనేమన్నా కల్పించానా," అన్నారు అత్తయ్య.

"మరి ఈయన్ని 'భార్యకి చెప్పొద్దు' అని రాశావేంటి?"

"చెప్పొద్దన్నాడు కాబట్టి."

"ఆ మెయిల్ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చూసుకుంటారు కదమ్మా."

అత్తయ్య కాసేపు ఆలోచించారు. "అందుకేనేమో ఆ మనిషి మళ్ళీ ఇటువైపు రాలేదు," అన్నారు.

ఇంకేముంది, మా ఆయనకి కావలసిన పని దొరికింది. ఆదివారం టీ తాగి కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు మళ్ళీ ఆకలేస్తే తప్ప లేవలేదు. ప్రతి మెయిల్ అడుగునా చూడటం, సంతకంలోంచి ఇంటిపేరుతో సహా పేరు పట్టుకోవడం, చివర గారు తగిలించడం. సంతకం లేనివాళ్ళకి ఫోన్ చేసి మరీ అడిగాడు. రెండు 'పిల్లి గోళ్ళు' కనపడితే ఒకటి కొట్టేయబోయాడు. "ఒరేయ్, ఒకటి నల్లపిల్లి, ఒకటి తెల్లపిల్లి, రెండిళ్ళు వేరు," అని అత్తయ్య కేకేయబట్టి సరిపోయింది.

సాయంత్రానికి అంతా తళతళలాడిపోయింది. నిజం చెప్పొద్దూ, నాక్కూడా ముచ్చటేసింది. అక్షరక్రమంలో, ఒద్దికగా, ఒక్క ఎలక గానీ పిల్లి గానీ లేకుండా, అందరూ మర్యాదస్తుల్లా కనిపించారు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చూశారు.

"బాగుంది. వీళ్ళంతా ఎవర్రా?" అన్నారు.

"మన కస్టమర్లే అమ్మా."

"ఏమో నాయనా. నాకొక్కరూ తెలీదు."

మేమిద్దరం నవ్వుకున్నాం. నవ్వాల్సింది కాదు.

మర్నాడు అత్తయ్య బట్ట కొనుక్కురావడానికి బజారుకి వెళ్ళారు. మేస్త్రీ పొద్దున్నే వచ్చిన కుర్చీల మెయిళ్ళు ప్రింటు తీసి, దేనిది దానికి గుచ్చుకుని పనిలో పడ్డాడు. నేను ఒక సోఫా అంచుకి పట్టీ కుడుతూ తల ఎత్తలేదు. అత్తయ్య తిరిగొచ్చేసరికి మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, మొహం వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

"అమ్మగారూ, ఇటొచ్చి చూడండి. పాత ముసలి కుర్చీ ఒకటొచ్చింది. పైన ఒట్టి పేరు తప్ప ఏమీ రాసిలేదు. పాపం, మధ్యలో ఇంత లోతు గుంట పడిపోయుంది. ఎవరు కూర్చుంటారండీ దాంట్లో. మొత్తం స్పాంజి తీసిపారేసి గట్టిది వేశాను. ఇప్పుడు కూర్చుంటే సింహాసనమే."

వెడల్పు చేతుల కుర్చీ. కొత్త స్పాంజితో బల్లలా చదునుగా, ఎత్తుగా ఉంది. అత్తయ్య దాన్ని చూశారు, గుచ్చిన కాగితం చూశారు, పక్కనున్న పెట్టె మీద కూలబడ్డారు.

"ఇది 'పల్లం ముట్టుకోవద్దు'," అన్నారు.

మేస్త్రీకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అంతకుముందు వారం లైబ్రరీలో పనిచేసే ఒకావిడ ఫోన్ చేసి అత్తయ్యతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత మెయిల్లో రాసింది మాత్రం ఒక్కటే ముక్క, ఫోన్లో అనుకున్నట్టే చేయండి అని. ఫోన్లో ఏమనుకున్నారో అత్తయ్య రాయాల్సిన చోట రాశారు, పేరు దగ్గర. పేరు ఇప్పుడు శుభ్రమైపోయింది.

"పాత స్పాంజి ఏది?" అని అడిగాను.

మేస్త్రీ షెడ్డు మూల చూపించాడు. పాత స్పాంజి అంతా మిషన్లో వేసి పొట్టు చేసి దిండ్లలోకి వాడటం మా అలవాటు. సంచీ నిండా పసుపుపచ్చ పొట్టు ఉంది. అందులో ఏది ఆ కుర్చీదో దేవుడికే తెలియాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు గదిలోకి వెళ్ళి మా ఆయన మీద ఇంతెత్తున లేచాను. "ఎవరడిగారు మిమ్మల్ని? హాయిగా సినిమా చూడొచ్చుగా. నిద్రపోవచ్చుగా. మనుషులు సెలవు పెడితే చేసే పనేనా ఇది?"

"పని సంగతి పేరులో రాస్తారని నేనేమన్నా కలగన్నానా," అని మొదలుపెట్టాడు గానీ, షెడ్డులో అమ్మ కూర్చున్న తీరు చూశాక తనే ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాడు. గాజు తలుపు అవతల నిలబడి, ఒక చేత్తో నుదురు పట్టుకుని, ఆ లైబ్రరీ ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్పాడు. తప్పు నాదే అనడం రెండుసార్లు వినపడింది. కోపం కాస్త తగ్గింది నాకు.

సాయంత్రం ఆవిడ వచ్చింది. సన్నగా, నెరిసిన జుట్టు, భుజానికి గుడ్డసంచీ. తిట్టిపోస్తుందనుకుని మేమందరం తలో మూలా నిలబడ్డాం. ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్ళి, అరచేత్తో కొత్త స్పాంజిని నొక్కి చూసింది. అది నొక్కినంత సేపూ దిగి, చెయ్యి తీయగానే లేచింది.

"మా అక్కకి చూపు పోయింది," అంది. "వెలుగు, నీడ తెలుస్తాయి, అంతే. ఇంట్లో ఎవరి సాయం లేకుండా తనంతట తను వెళ్ళి కూర్చునేది ఈ కుర్చీలోనే. ముందు చెయ్యి పెట్టి పల్లం తడుముకుంటుంది. అది తగిలితేనే కూర్చుంటుంది. తుంటి ఆపరేషనై ఆసుపత్రిలో ఉంది కదా, వచ్చేలోపు బట్ట మార్పిద్దామనుకున్నాను. కింది అంచు దగ్గర చిరిగి కాలికి తగులుకుంటోంది."

"వేరే కుర్చీ అలవాటు చేసుకోలేరా?" అని అడిగాడు మా ఆయన, మెల్లిగా.

"మీకు మా అక్క తెలీదు. ఇది నాది కాదు అందంటే ఇంక అంతే. మంచం మీదే ఉండిపోతుంది. డాక్టరు చెప్పాడు, లేచి కూర్చోకపోతే మళ్ళీ నడవడం కష్టమని. శనివారం ఇంటికి తీసుకొస్తున్నాను."

మేస్త్రీ ముందుగా కదిలాడు. "మెత్తటి స్పాంజి పొరలు పొరలుగా వేద్దాం. కత్తితో పల్లం కోసిపెడతాను," అన్నాడు. కోశాడు కూడా. చూడ్డానికి బాగానే ఉంది. చెయ్యి పెడితే మాత్రం కోసినట్టే తెలుస్తోంది, అంచులు అంచులుగా.

"పల్లం కోస్తే రాదు. కూర్చుంటే వస్తుంది," అన్నారు అత్తయ్య. "కూర్చోండి."

మా ఆయన్ని కూర్చోబెట్టాం. చేసిన పాపం కడుక్కోవాలి కదా. ఆయన లేచాక చూస్తే అది పల్లం కాదు, చెరువు. నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చున్నచోట కుదురుగా ఉండే రకం కాదు. ఇటు తిరిగి మేస్త్రీ మీద ఒక కేక, అటు తిరిగి ఫోను, మధ్యలో ఒకసారి లేచి మంచినీళ్ళు. పల్లం నాలుగు వైపులా పడింది. అత్తయ్య కూర్చుంటే అసలు ఎవరూ కూర్చోనట్టే ఉంది.

చివరికి అందరం లైబ్రరీ ఆవిడ వైపు చూశాం.

"మీరూ మీ అక్కగారూ ఒకే ఒడ్డూ పొడుగూనా?" అని అడిగాను.

"ఆవిడ బట్టలే నేను కట్టుకుంటాను."

"అయితే కూర్చోండి."

ఆవిడ కదల్లేదు. కుర్చీ కేసి, మా కేసి మార్చి మార్చి చూసింది. "నేనెప్పుడూ ఇందులో కూర్చోలేదు," అంది.

"ఒక్కసారి కూడానా?"

"అది అక్క కుర్చీ." ఆవిడ సంచీ భుజం మార్చుకుంది. "మా అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పెద్ద ఉద్యోగం చేసింది. గొంతు వింటే లైను అవతలివాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళట. నాకు ఇప్పటికీ ఆవిడ పిలిస్తే నిలబడి మాట్లాడటమే అలవాటు. కూర్చోమని ఆవిడ అనలేదు, నేనూ కూర్చోలేదు."

తర్వాత సంచీ కింద పెట్టి, కుర్చీ అంచు మీద, బస్సులో ఎవరిదో సీటు అన్నట్టుగా కూర్చుంది.

"అలా కాదమ్మా, వెనక్కి జరగండి. మీ అక్కగారు ఎలా కూర్చుంటారో అలా," అన్నాడు మేస్త్రీ.

ఆవిడ వెనక్కి జరిగింది. ఎడమవైపుకి ఒరిగింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎడమ చెవికే ఫోను పెట్టుకునేదట ఆ అక్క, అందుకని ఇప్పటికీ ఎడమ మోచేతి మీద బరువు మోపి, చెవి అటు పెట్టి కూర్చుంటుంది. చెల్లెలు అచ్చంగా అలాగే కూర్చుంది. ఒక్కసారైనా కూర్చోని మనిషికి అంత బాగా ఎలా తెలుసా అనిపించింది నాకు. ఎదురుగా నిలబడి చూసిందే కదా ఎప్పుడూ.

ఆ రోజు నుంచి లైబ్రరీలో పనైపోగానే తిన్నగా మా షాపుకి వచ్చేది. షెడ్డులో దుమ్ము అని కుర్చీని ముందు గదిలో బల్ల పక్కన వేశాం. ఆవిడ చినిగిన పుస్తకాలకి అట్టలు అతికించుకుంటూ కూర్చునేది. ఆవిడ వెళ్ళేటప్పుడు మేస్త్రీ పల్లంలో చెయ్యి పెట్టి చూసి, ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టేవాడు. ఆవిరి పడితే స్పాంజి చెప్పిన మాట వింటుందని ఆయన నమ్మకం. నెమ్మదిగా విన్నది కూడా.

పక్కనే బల్ల దగ్గర మా తల్లీకొడుకుల పంచాయితీ నడిచేది. మా ఆయన పాత పేర్లన్నీ తుడిచేశాడు కాబట్టి అత్తయ్య ఇప్పుడు ఒక్కొక్కటీ మళ్ళీ చెప్పాలి. ఆవిడకి అన్నీ గుర్తున్నాయి. పేరు చెబితే తెల్లమొహం వేస్తారు, ఏ వీధి, ఏ కుర్చీ అంటే చాలు, జబ్బు సహా చెప్పేస్తారు. మా ఆయన పేరు గడి ముట్టుకోకుండా, దాని కింద 'పని' అని ఇంకో గడి పెట్టి అందులో రాశాడు. ప్రింటులో అది అన్నిటికన్నా పైన, లావు అక్షరాల్లో వస్తుంది. మెయిల్‌తో మాత్రం గడప దాటదు.

"బయటికి పేరు, లోపలికి జబ్బు. సరేనా అమ్మా?"

"ఈ బుద్ధి ఆదివారమే ఉండాల్సింది," అన్నారు అత్తయ్య.

"కూర్చుంటే మూలిగేది ఎవరండీ?" అని అడిగింది లైబ్రరీ ఆవిడ, కుర్చీలోంచి.

"హైస్కూలు హెడ్మాస్టరు."

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. వచ్చిన మొదటిరోజు ఆవిడ నవ్వుతుందని కూడా అనుకోలేదు నేను. అప్పటికి ఆవిడ కుర్చీ అంచు మీద కూర్చోవడం మానేసింది. కాళ్ళు కూడా పైకి పెట్టుకునేది. అంతలోనే ఏదో గుర్తొచ్చి దించేసి, ఎడమవైపుకి సర్దుకునేది.

శనివారం పొద్దున్నే కుర్చీని వ్యానులో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాం, మా ఆయనా నేనూ. ఆవిడ ముందురోజే తాళంచెవి ఇచ్చింది. ఇరుకు నడవా, చివర ఒక గది, కిటికీ పక్కన బల్ల మీద రేడియో. కుర్చీ కాళ్ళు ఉండే చోట నేల మీద నాలుగు మచ్చలు ఉన్నాయి, సరిగ్గా వాటి మీద పెట్టాం. బట్ట రంగు కొత్తదే అయినా, నేత గరుకుదనం పాతదానికి దగ్గరగా ఉండేలా అత్తయ్య బజారంతా తిరిగి తెచ్చారు. మేం వెళ్ళిపోదామనుకునేలోపే కారు ఆగిన చప్పుడైంది. నడవాలో ఎదురుపడటం ఎందుకని గోడవారగా నిలబడిపోయాం. ఎదటివాళ్ళ కుర్చీలు ఎన్ని మోశానో లెక్కలేదు గానీ, ఒక కుర్చీ కుదురుతుందో లేదోనని అంత భయపడటం అదే మొదటిసారి.

పెద్దావిడ నాలుగు కాళ్ళ వాకర్ చట్రం పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. పొట్టి మనిషి, నిటారుగా ఉంది. చెల్లెలు పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. కుర్చీ దగ్గర ఆగి, దాని చేతుల మీద బట్ట తడిమింది.

"బట్ట మార్పించావు."

"అవునక్కా. చిరిగింది కదా."

చెయ్యి కిందికి వెళ్ళింది. పల్లంలో ఒకచోట ఆగింది, ఇంకోచోటికి జరిగింది, వెనక్కి వచ్చింది.

"ఇది నాది కాదు," అంది.

మా ఆయన ఇంక ఆగలేకపోయాడు. "అమ్మా, నేను కుర్చీ షాపు నుంచి. తప్పు నాదండీ. మీ పాత స్పాంజి పొరపాటున..."

"మీరు ఆగండి," అంది పెద్దావిడ. లైను కోసేసినట్టే అయింది. ఆయన ఆగిపోయాడు. ఆవిడ చెల్లెలి వైపు తిరిగింది. "ఇందులో నువ్వు కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"కాసేపు కాదు. చాలా కూర్చున్నావు."

"రోజూ కూర్చున్నానక్కా. నీ పల్లం పోయింది. నీలాగా కూర్చుంటే మళ్ళీ వస్తుందేమోనని."

"నాలాగా అంటే?"

"ఎడమవైపుకి ఒరిగి. మోచెయ్యి ఆనించి."

పెద్దావిడ చట్రం వదిలి, కుర్చీ చేతులు పట్టుకుని, నెమ్మదిగా వెనక్కి దిగింది. కూర్చుంది. కొంచెం అటు జరిగింది, కొంచెం ఇటు. చెల్లెలు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడే ఉంది.

"ఎలా ఉంది?" అని అడిగింది పెద్దావిడ.

"ఏది?"

"నాలాగా కూర్చుంటే."

చెల్లెలు నావైపు చూసింది. "నడుం పట్టేసింది," అంది చివరికి.

"నాకూ ఎప్పుడూ పట్టేసే ఉంటుంది," అంది పెద్దావిడ. మొహంలో నవ్వు లేదు, గొంతులో ఉంది. "ఇన్నేళ్ళలో నువ్వు దీని దరిదాపులకి రాలేదు. నేనంటే గిట్టక రావనుకున్నాను."

"నువ్వు పిలవలేదుగా అక్కా."

"పిలిస్తే లేచి నిలబడతావు. నిన్నేం పిలవను."

చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుంది. పెద్దావిడ ఎడమ మోచేతి మీద బరువు మోపి చూసుకుంది. సరిపోలేదు, మళ్ళీ చూసుకుంది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, ఏమంటుందో అని.

"సోమవారం నన్ను నడక నేర్పించడానికి తీసుకెళ్తారట," అంది పెద్దావిడ. "నేనొచ్చేదాకా ఇందులో కూర్చో. ఎడమవైపు ఇంకా దిగాలి."

"సరే అక్కా," అంది చెల్లెలు.

"నిలబడి చెప్పకు. ఆ స్టూలు లాక్కో."